పాత పత్రికల్లో ‘కంట్రోలు’ కనబడితే ఎలా చదవాలి

‘కంట్రోలు బియ్యం’ అన్న మాట కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినబడుతుంది. రేషను షాపులో ఇచ్చే బియ్యం అని దానర్థం. బండి కంట్రోల్ తప్పిందన్నా, షుగరు కంట్రోల్‌లో ఉందన్నా ఆ మాటకు అర్థం వేరు. 1943 నుంచి 1954 దాకా వచ్చిన తెలుగు దినపత్రికల్లో మాత్రం ‘కంట్రోలు’ అంటే దాదాపు ఎప్పుడూ బియ్యం, గుడ్డ, నూలు, కిరసనాయిలు, పంచదార. పాత సంచికలు తిరగేసి ఊరి చరిత్రో, కుటుంబ చరిత్రో రాసుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మాట దగ్గరే. దాన్ని నేటి అర్థంలో చదివితే వార్త సగం తప్పిపోతుంది. సరిగ్గా చదివితే ఆ వారం ఆ ఇంట్లో ఎంత బియ్యం ఉండేదో కూడా లెక్క కట్టవచ్చు.

ముందు కాలం సంగతి. 1942 మార్చిలో రంగూను జపాను చేతిలో పడింది. బర్మా నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. మలబారు (నేటి కేరళ ఉత్తర భాగం) లాంటి లోటు జిల్లాలను పోషించే భారం గోదావరి, కృష్ణా డెల్టాల మీద పడింది. 1943లో బెంగాలు కరువు. అదే ఏడాది జూన్‌లో మిల్లు గుడ్డకూ నూలుకూ కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాదే పెద్ద పట్టణాల్లో రేషను కార్డులు మొదలయ్యాయి. యుద్ధం ముగిసినా ఇవేవీ పోలేదు. 1946లో అత్యవసర సరఫరాల చట్టం చేసి వాటినే కొనసాగించారు. 1947 చివర్లో గాంధీజీ ప్రార్థన సభల్లో కంట్రోళ్లు తీసేయమని పదే పదే చెప్పారు. ఆ డిసెంబరులో ఆహార ధాన్యాలపై సడలింపు మొదలైంది. ధరలు పెరిగాయి. 1948లో మళ్లీ బిగించారు. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ తన రాష్ట్రంలో ఆహార కంట్రోలు తీసేశారు. 1954లో దేశమంతటా ధాన్యం కంట్రోలుకు తెర పడింది. పాత సంచికలు ముందేసుకున్నప్పుడు ఈ మలుపుల దగ్గర నుంచి మొదలుపెడితే మాట గుంపులు గుంపులుగా దొరుకుతుంది.

ఇక అర్థం. ఆనాటి వార్తల్లో ‘కంట్రోలు’ ఒక్క మాటే, కానీ దాని వెనక మూడు వేరు వేరు పనులు ఉంటాయి. ఒకటి ధర: ఇంతకు మించి అమ్మకూడదు. రెండు పంపిణీ: ఇంత మందికి, ఇన్ని ఔన్సులు, ఈ షాపులోనే. మూడు రవాణా: పర్మిటు లేకుండా తాలూకా, జిల్లా, రాష్ట్రం దాటించకూడదు. వార్తలో ఏ పని గురించి చెబుతున్నారో పక్క మాట పట్టి చూడాలి. ‘కంట్రోలు ధర’, ‘కంట్రోలు రేటు’ అంటే మొదటిది. ‘కంట్రోలు షాపు’, ‘కంట్రోలు డిపో’ అంటే రెండోది. పర్మిటు, చెక్‌పోస్టు, బండ్లు పట్టుకోవడం కనబడితే మూడోది. ఏ పక్క మాటా లేకుండా ఉత్త ‘కంట్రోళ్లు’ అని బహువచనం వస్తే మొత్తం వ్యవస్థ అని. సంపాదకీయాల్లో ఎక్కువగా ఇదే ఉంటుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మూడూ ఒకేసారి రావు, ఒకేసారి పోవు. ‘కంట్రోలు ఎత్తివేత’ అన్న శీర్షిక చూసి ఆ రోజుతో అన్నీ పోయాయని రాసేయడం చాలామంది చేసే పొరపాటు. రేషను కార్డు పోయినా రవాణా ఆంక్ష ఉండవచ్చు. ధరపై పట్టు సడలినా సేకరణ, అంటే ప్రభుత్వం రైతు నుంచి ధాన్యం తీసుకోవడం, సాగవచ్చు. శీర్షిక కింద నాలుగైదు పంక్తులు చదివి, మూడింటిలో ఏది పోయిందో రాసుకోవాలి. క్రియను కూడా గమనించాలి. ‘ఎత్తివేయు’ అంటే పూర్తిగా తీసేయడం. ‘సడలించు’ అంటే కొంత వదులు చేయడం. ‘విధించు’ అన్నది ఉత్తర్వుల భాష, ‘పెట్టు’ అన్నది జనం భాష. జిల్లా విలేకరి పంపిన ముక్కలో ‘పెట్టారు’ అని ఉంటుంది, మద్రాసు నుంచి తంతి మీద వచ్చిన దాన్ని తర్జుమా చేసిన ముక్కలో ‘విధించబడినది’ అని ఉంటుంది. ఎవరు విధించారో చెప్పని ఆ కర్మణి వాక్యాలు ఇంగ్లీషు ప్రకటనల నుంచి నేరుగా దిగినవి. తాలూకా స్థాయి ఉత్తర్వైతే కలెక్టరు పేరు మీద వెతకాలి, రాష్ట్ర స్థాయిదైతే ప్రభుత్వ ప్రకటనలో వెతకాలి.

‘రాష్ట్రం’ అన్న మాట దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. 1953 అక్టోబరు 1కి ముందు కోస్తా, రాయలసీమ పత్రికల్లో రాష్ట్రం అంటే మద్రాసు. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్. 1952 నాటి ‘రాష్ట్రంలో కంట్రోలు రద్దు’ మలబారు నుంచి శ్రీకాకుళం దాకా వర్తించేది, హైదరాబాదుకు వర్తించనిది.

మాట రాతలోనూ తేడాలున్నాయి. కంట్రోలు, కంట్రోల్ రెండూ కనబడతాయి. పుస్తకాలు అనే మాటకు ‘లు’ చేరినట్టు దీనికి చేరదు. పెన్సిలు పెన్సిళ్లు అయినట్టు కంట్రోలు కంట్రోళ్లు అవుతుంది, పాత అచ్చులో కంట్రోళ్ళు. కంట్రోలు తీసేయడాన్ని డీకంట్రోలు, డికంట్రోలు అని రెండు విధాలా రాశారు. స్కాన్ చేసిన పేజీ బొమ్మగానే ఉంటే ఏ యంత్రమూ ఈ మాటను వెతికిపెట్టదు. అక్షరాలుగా మార్చిన చోట కూడా ‘ట్రో’ కింది రావత్తు అరిగిపోయి ‘కంటోలు’ అని వచ్చే అవకాశం ఉంది. ఆ రూపంలోనూ ఒకసారి వెతికి చూడండి.

ఇప్పుడు అసలు పని. ఒక నమూనా వార్త చూద్దాం. ఇది ఏ పత్రిక నుంచీ తీసింది కాదు, ఆనాటి తీరు చూపించడానికి అల్లింది. ఇందులోని ధర కూడా లెక్క చూపడానికే.

‘బెజవాడ, 12: తాలూకాలో బియ్యం కంట్రోలు ధర వీశె 1కి రు. 0-7-6గా నిర్ణయింపబడినది. కార్డుదారులకు తలకు దినానికి 12 ఔన్సుల చొప్పున ఈ నెల 15 నుండి ఇవ్వబడును. పర్మిటు లేనిదే తాలూకా దాటించరాదు.’

మూడు వాక్యాల్లో మూడు కంట్రోళ్లూ ఉన్నాయి, మాట మాత్రం ఒక్కసారే వచ్చింది. ఊరి పేరు పక్కన ఉన్న 12 తేదీ. నెల పేజీ నెత్తిన ఉంటుంది. వార్త అచ్చయ్యేది మరుసటి రోజో, ఆ పై రోజో. అందుకని సంచిక తేదీనే సంఘటన తేదీగా రాసుకోకూడదు.

రు. 0-7-6 అంటే సున్నా రూపాయలు, 7 అణాలు, 6 పైసలు. ఇవి పాత పైసలు: అణాకు 12, రూపాయికి 192. కాబట్టి ఏడున్నర అణాలు. రూపాయికి 16 అణాలు గనుక 7.5ను 16తో భాగిస్తే నేటి లెక్కలో 47 పైసలు. చివరి అంకెను దశాంశంగా చదివి ‘76 పైసలు’ అని రాసేయడం నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది, మళ్లీ మళ్లీ జరిగేది.

వీశె అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. ధరను కిలోకు మారిస్తే ముప్పైమూడున్నర పైసలు. ఇక ఔన్సులు: 12 ఔన్సులు 340 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి వారానికి 336 ఔన్సులు, అంటే 21 పౌన్లు, తొమ్మిదిన్నర కిలోలు. వీశెల్లో 6.8. ఖర్చు 51 అణాలు, అంటే రు. 3-3-0. పిల్లలున్న ఇంటికి ఈ లెక్క పనికిరాదు, వాళ్లకు సగం యూనిటే. ఒళ్లు వంచి పనిచేసే కూలీలకు అదనపు రేషను ఉండేది, అది వార్తలో విడిగా చెబుతారు.

ఇదే లెక్కతో 1951 జనవరి సంచికలు తీయండి. ఆ నెలలో రేషను 12 ఔన్సుల నుంచి 9కి తగ్గింది. పత్రికలో అది ‘రేషను కోత’ అనే రెండు మాటలు. ఆ నలుగురి ఇంట్లో మాత్రం వారానికి తొమ్మిదిన్నర కిలోలు ఏడు కిలోల చిల్లరకు దిగాయి. రోజంతా తలకు 255 గ్రాములు. అన్నమే కడుపు నింపే రోజుల్లో ఇది ఎంత దెబ్బో తూకం వేసి చూస్తే తప్ప తెలియదు. అందుకే ఔన్సులు కనబడ్డప్పుడల్లా గ్రాముల్లోకి మార్చి పక్కన రాసుకోమని గట్టిగా చెబుతాను.

తూకాల్లో గోతులు ఇంకా ఉన్నాయి. మద్రాసు లెక్కలో 3 తులాలు పలం, 8 పలాలు శేరు, 5 శేర్లు వీశె, 8 వీశెలు మణుగు. ఈ శేరు 24 తులాలు, 280 గ్రాములు. ప్రభుత్వ, రైల్వే లెక్కలో శేరు 80 తులాలు, 933 గ్రాములు. దాని మణుగు 40 శేర్లు, 37 కిలోలకు పైన. మద్రాసు మణుగు 11 కిలోల పైచిలుకు. ఒకే పేజీలో ఢిల్లీ నుంచి వచ్చిన ముక్కలో ఒక మణుగు, జిల్లా ధరవరల్లో ఇంకో మణుగు ఉండొచ్చు. తేడా మూడింతల పైనే. ఏది ఏదో తేల్చుకోవడానికి తేలికైన మార్గం ధర. అదే నెలలో వీశె ధర తీసుకుని 8తో హెచ్చించండి. మణుగు ధర దానికి దగ్గరగా ఉంటే మద్రాసు మణుగు. మూడింతలు దాటితే పెద్ద మణుగు. శేరుకు కొలత పాత్రగా ఇంకో బతుకు కూడా ఉంది, అది తూకం కాదు. సోల, తవ్వ, మానిక, కుంచం మాటలు పక్కన కనబడితే అక్కడ కొలుస్తున్నారు, తూచడం లేదు.

ధాన్యం, బియ్యం కలిపేయడం మరో పొరపాటు. డెల్టా పత్రికలో ధాన్యం అంటే వడ్లు. ప్రభుత్వ ప్రకటనలో ‘ఆహార ధాన్యాలు’ అంటే జొన్న, సజ్జ, రాగి, గోధుమ అన్నీ. వడ్లు దంచినా, మిల్లు పట్టినా తూకంలో సుమారు మూడింట రెండు వంతులే బియ్యం అవుతాయి. 100 బస్తాల ధాన్యం సేకరించారన్న వార్తను 100 బస్తాల బియ్యంగా రాసుకుంటే మూడో వంతు గాలిలోంచి పుట్టించినట్టే.

ఒకే మాట ఎవరి పక్షాన నిలబడి పలుకుతోందో చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. మద్రాసు నగరంలో కార్డు చేతపట్టుకుని వరసలో నిలబడిన మనిషికి కంట్రోలు అంటే దొరకాల్సిన వాటా. తణుకు, గుడివాడ ప్రాంతపు రైతుకు అదే మాట తన గాదె మీద పెట్టిన చేయి: ప్రభుత్వం చెప్పిన ధరకు ధాన్యం అప్పజెప్పాలి. లోటు జిల్లా నుంచి వచ్చిన లేఖ కంట్రోలు సరిగా అమలు చేయమంటుంది, మిగులు జిల్లా నుంచి వచ్చిన లేఖ ఎత్తేయమంటుంది. పత్రికల పక్షాలూ ఉన్నాయి. కమ్యూనిస్టు పత్రికలు దొంగనిల్వలు బయటికి తీయమని, రేషను గట్టిగా నడపమని రాశాయి. వర్తకుల సంఘాల తీర్మానాలు స్వేచ్ఛా వ్యాపారం అడిగాయి. ఒక్క పత్రిక చూసి ‘ప్రజలు కంట్రోళ్లతో విసిగిపోయారు’ అని రాయకూడదు. ఏ జిల్లా, ఎవరి గొంతు అన్నది కనీసం రెండు పత్రికల్లో చూసుకోవాలి.

కంట్రోలుకు నీడలా నడిచిన మాట బ్లాకు మార్కెటు. దొంగబజారు, నల్లబజారు అని తెలుగు కూడా చేశారు. కోర్టు వార్తల్లో ‘కంట్రోలు ధరకు మించి అమ్మినందుకు’ జుల్మానా పడిన వర్తకుల కబుర్లు వస్తుంటాయి. ఆ ముక్కలు చాలా విలువైనవి. కంట్రోలు ధరా, అసలు అమ్మిన ధరా రెండూ ఒకేచోట దొరికే తావు దాదాపు అదొక్కటే. ధరవరల పట్టికలో పెట్టేది ప్రభుత్వ ధరే, బజారులో నిజంగా నడిచింది కేసు వార్తలో బయటపడుతుంది. కంట్రోళ్లు పోయాక కూడా ‘బ్లాకులో’ అన్న ముక్క బతికిపోయింది. సినిమా హాలు ముందు టిక్కెట్లు బ్లాకులో అమ్మారంటాం కదా, అది అప్పటిదే.

గుడ్డ, నూలు సంగతి వేరు. మిల్లు గుడ్డ మీద గజం ధర ముద్ర వేసి పంపేవారు. ‘ముద్ర ధర’ అంటే అదే. నూలు కంట్రోలు మాత్రం చీరాల, మంగళగిరి లాంటి మగ్గాల ఊళ్లకు బతుకు ప్రశ్న. మగ్గానికి ఇంత అని నూలు కోటా. ‘40 నెంబరు’ అన్నది నూలు సన్నదనం: ఒక పౌను తూకంలో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) 40 వస్తే అది 40 నెంబరు. నూలు 10 పౌన్ల కట్టగా వచ్చేది, కాబట్టి కట్టలో 400 చిలపలు. నెంబరు పెరిగితే నూలు సన్నం, కట్టకు వచ్చే గుడ్డ ఎక్కువ. ‘కంట్రోలు నూలు అందలేదు’ అన్న ఒక పంక్తి వార్త వెనక ఆగిపోయిన మగ్గాలుంటాయి. అందులో నెంబరు ఇచ్చి ఉంటే తప్పకుండా రాసుకోండి. ఆ ఊరు చీరలు నేసిందా, ముతక పంచెలు నేసిందా అన్నది దాన్నిబట్టి ఊహించవచ్చు.

హైదరాబాదు సంస్థానం వైపు వస్తే మాట మారుతుంది. అక్కడ జనాన్ని పిండిన మాట ‘లెవీ’. నిజాం ప్రభుత్వం రైతు నుంచి బలవంతంగా తీసుకున్న ధాన్యం లెవీ గల్లా. చిన్న రైతు కొలిచి ఇచ్చాడు, దేశ్‌ముఖులు తప్పించుకున్నారు. తెలంగాణ రైతుల పోరాటానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి. అప్పటి ‘గోలకొండ పత్రిక’ చదివేటప్పుడు లెవీని కోస్తా ‘సేకరణ’తో జత చేసి చూడాలి. డబ్బు కూడా వేరు. నిజాం హాలీ సిక్కా రూపాయి, బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి ఒకటి కాదు: 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. హాలీలో రు. 14 ఉన్న ధర కల్దారులో రు. 12. సంస్థానం భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లు హాలీ చలామణీలో ఉంది. అందుకని 1948 దాటిందని మార్పిడి మానేయకూడదు. సర్కారు ప్రకటనల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరం ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపాలి. ఫసలీ 1357 అంటే 1947–48.

కంట్రోలుకు తెలుగులో ‘నియంత్రణ’, ‘అదుపు’ ఉన్నాయి. పత్రికలు వాటినీ వాడాయి, ముఖ్యంగా సంపాదకీయాల్లో. అయినా వార్తల్లోనూ వీధిలోనూ నిలిచింది కంట్రోలే. జనం షాపు ముందు రోజూ అనే మాట అది, కార్డు మీదా బోర్డు మీదా కనబడే మాట అది. అచ్చుకూర్పులోనూ ‘కంట్రోలు’ మూడక్షరాలే, కాగితం కరువులో పేజీలు కుదించుకున్న పత్రికల శీర్షికలకు అదీ ఒక సౌకర్యం. ‘నియంత్రణ’ తర్వాత వేరే ఇంట్లో స్థిరపడింది: మొదటి పంచవర్ష ప్రణాళికతో వచ్చిన కార్యక్రమానికి ‘కుటుంబ నియంత్రణ’ అన్న పేరు ఖాయమయ్యాక, ఆ మాట వినగానే జనానికి బియ్యం గుర్తుకు రావడం అసాధ్యమైంది.

1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు, 1958 అక్టోబరు నుంచి విడతలుగా మెట్రిక్ తూకాలు వచ్చాయి. ఆ రెండు మూడేళ్ల పత్రికల్లో అణాలూ నయా పైసలూ, వీశెలూ కిలోలూ ఒకే పట్టికలో పక్కపక్కన కనబడతాయి. ధర రాసుకునేటప్పుడు నాణెమూ తూకమూ రెండూ విడివిడిగా రాసుకోండి. అప్పటికి బియ్యం వార్తల్లో ‘చౌక ధరల దుకాణం’, ‘జోను’ (బియ్యం దాటించడానికి హద్దులు గీసిన ప్రాంతం) ముందుకొచ్చి, కంట్రోలు వెనక్కి తగ్గింది. అది గట్టిగా పాతుకుపోయిన చోటు ఇంకొకటుంది: ఇళ్ల అద్దెలు. యుద్ధకాలంలో అద్దెలకు వేసిన కళ్లెం 1946, 1949 మద్రాసు చట్టాలతో, ఆపై 1960 ఆంధ్రప్రదేశ్ చట్టంతో కొనసాగింది. ఆనాటి కోర్టు వార్తలో ఉత్త ‘కంట్రోలరు’ అని ఉంటే అది బియ్యం అధికారి అనుకోకండి. పక్కన ఇల్లు, ఖాళీ చేయడం, బకాయి అన్న మాటలుంటే ఆయన రెంటు కంట్రోలరు.